నౌపడ స్టేషన్లో కాలికట్టు

గాలి సోకిందని ఎవరైనా వణికిపోతే మజ్జిగ తాగించి పడుకోబెట్టే రకం నేను. దెయ్యాలను ఏనాడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అయినా ఇది జరిగింది.

అరవయ్యో దశకం చివరి మాట. నా ఎడమకాలికి బోదకాలు. శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టరు సాగే క్రేపు పట్టీ ఇచ్చి, పొద్దున్న కాలు కింద పెట్టకముందే వేళ్ళ దగ్గర్నుంచి మోకాలి దాకా బిగించి చుట్టాలన్నాడు. నేను చుట్టుకుంటే వదులైపోయేది. మా ఆయన సాలూరులో లారీ మీద పని, ఎప్పుడో గానీ ఇంటికి రాడు.

చుట్టింది మా అత్త. అదీ కోడలి కాలు తన ఒళ్ళో పెట్టుకుని. వీధిలో వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నాకూ భయమేసి కాలు లాగేసుకునేదాన్ని.

"పాపమొస్తే నాకొస్తాదిలే. కాలిటెట్టే," అనేది.

నోరు కారం. కానీ ఆమె కట్టు కడితే సాయంత్రానికి కాలు తేలికయ్యేది.

ఆమె జ్వరంతో పోయింది. కాలు మళ్ళీ వాచింది. వాపు సరే, పొద్దున్నే ఆ పట్టీ పట్టుకుని మంచం మీద ఒక్కదాన్నీ కూర్చోవడం భరించలేకపోయాను. అత్త కావాలనిపించేది, అంతే.

ఓ రోజు ఆసుపత్రికని బయల్దేరాను. శ్రీకాకుళం వెళ్ళాలంటే ఆమదాలవలసలో దిగాలి. ఆ బండి కోసం నౌపడ స్టేషన్లో కూర్చున్నాను. పట్టపగలు. ఉప్పుమళ్ళ మీంచి ఎండ కళ్ళలో కొడుతోంది. నేను చుట్టుకున్న కట్టు చీలమండ మీదికి జారిపోయింది. సరిచేసుకునే ఓపిక లేక కాలు బెంచీ మీద చాపి, గోడకు ఆనుకుని కునుకు తీశాను.

లేచేసరికి కట్టు మోకాలి దాకా బిగుతుగా ఉంది. ఒక్క ముడత లేదు. నేను పెట్టుకున్న పిన్ను బెంచీ మీద పడి ఉంది. పట్టీ కొస లోపలికి దోపి ఉంది. పిన్ను గుచ్చుకుంటుందని అత్త ఎప్పుడూ అలాగే దోపేది.

పక్కన ఎండుచేపల గంపతో ఒకామె కూర్చుని ఉంది. నాకు తెలియని మనిషి.

"మీయమ్మ ఇప్పుడే అటెల్లినాది," అంది. "నీ కాలు ఒల్లో ఎట్టుకుని కట్టినాది. అమ్మ కాపోతే ఎవులు సేస్తారలాగ?"

అత్త అని చెప్పలేకపోయాను. అవునన్నాను. కుంటుకుంటూ ప్లాట్‌ఫారం ఆ కొస నుంచి ఈ కొస దాకా వెతికాను. బండి వచ్చింది. ఎక్కలేదు. అత్త మళ్ళీ వస్తుందేమోనని పొద్దుగూకే దాకా ఆ బెంచీ మీదే కూర్చున్నాను.

ఆ చేపలామె పొరబడిందో, నిద్రలో నేనే కట్టుకున్నానో, ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. తేలకపోయినా ఫరవాలేదు. ఆ కాసేపూ నేను మెలకువగా ఉండి ఉంటే బాగుండేది.