నెపం కొల్లేటి గాలి మీద

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు. ఏలూరులో ఆడపిల్లల కాలేజీలో చదువుతూ బాల్ బాడ్మింటన్ జట్టులో ఆడేదాన్ని. పసుపుపచ్చ ఉన్ని బంతి, జట్టుకి ఐదుగురం, వోణీ నడుముకి బిగించి దోపుకుని ఆడేవాళ్లం. ఉన్ని బంతి గాలికి లోకువ. అందుకని ఓడినప్పుడల్లా నెపం కొల్లేటి గాలి మీద వేసేవాళ్లం. గెలిస్తే మాత్రం అంతా మా ప్రతాపమే.

మా నాన్నగారు ఉంగుటూరు దగ్గర పల్లెలో పౌరోహిత్యం చేసేవారు. ఆడపిల్ల పదిమందిలో గెంతడం ఆయనకి సుతరామూ ఇష్టం లేదు. అమ్మ పోరు పడలేక ఆ ఒక్క ఏడాదికీ ఊఁ అన్నారు. కప్పు తెచ్చి ఎదురుగా పెట్టి అడిగితే పై ఏడాదికి కూడా కాదనలేరని నా ఆశ.

కాలేజీల పోటీల ఫైనల్ తాడేపల్లిగూడెంలో జరిగింది. మొదటి గేము మాదే. రెండో గేము మధ్యలో, తాడు అవతల జనానికి ఎడంగా గొడుగు వేసుకుని నిలబడ్డ నాన్నగారు కనిపించారు. నేను నవ్వాను. ఆయన మొహం తిప్పేసుకున్నారు. ఆ తర్వాత నాకు కనిపించింది ఆయన వీపే.

రెక్క పట్టుకుని ఇంటికి లాక్కుపోవడానికే వచ్చారనుకున్నాను. ఇక చెయ్యి నా మాట వింటేనా! నా వైపు వచ్చిన బంతల్లా వలకే తగిలింది. ఆ గేమూ పోయింది, మూడోదీ పోయింది. దుఃఖం కంటే నాకు నాన్నగారి మీద కోపమే ఎక్కువగా వచ్చింది.

నాలుగు మాటలు అనేద్దామనే ఆయన దగ్గరికి వెళ్లాను. చెయ్యి అడ్డుపెట్టి దూరంగానే ఆగమన్నారు.

"ఆట పూర్తిగా అయిపోయిందా అమ్మా?"

అయిపోయిందండి అన్నాను.

"అత్తిలి పెదతాతగారు పోయారమ్మా. పొద్దున్నే కబురొచ్చింది. నీ చెవిన పడేదాకా నీకు మైల లేదు. పడిందంటే ఎవర్నీ ముట్టుకోకూడదు, ఆట మధ్యలో మానెయ్యాలి. నీ మొహం చూస్తే ఆగలేక చెప్పేస్తానేమోనని అటు తిరిగి నిలబడ్డాను."

వినేదాకా మైల అంటదన్న ఆ వెసులుబాటు శాస్త్రంలో ఉందని నాకూ తెలుసు. నా ఆట కోసం ఆయన దాన్ని వాడతారని మాత్రం కలలో కూడా అనుకోలేదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

గెలిచారా అని అడిగారు. లేదండి అన్నాను.

"నేను రావడం వల్ల కాదు కదా?"

"కాదండీ. కొల్లేటి గాలి."

ఆయన తల ఊపి స్టేషన్ వైపు నడిచారు. కాస్త ఎడంగా నేనూ నడిచాను. మైల తీరేసరికి పరీక్షలు, ఆ వేసవిలోనే పెళ్లి. మళ్లీ రాకెట్ పట్టింది లేదు. నాన్నగారు నా ఆట ఒక్కనాడూ చూడలేదు. ఆ దిగులు ఇప్పటికీ పోదు.

ఆ సాయంత్రం గూడెంలో కొబ్బరాకైనా కదల్లేదు.