సంతకం పెట్టిన నోట్సు

దివిసీమలో మిషన్ బడి నడిపే నతానియేలు గారి కూతురు దయామణి బి.ఏ. పాసై, 1959లో బందరు వచ్చి బి.ఇడి. ట్రైనింగులో చేరింది. పిల్లలకు తను పాఠం చెబుతుంటే వెనక కూర్చుని దక్షిణామూర్తి మాస్టారు మార్కులు వేస్తారు. ఆఖరి పాఠం పోయిందంటే ఏడాది చదువూ పోయినట్టే.

ఆ పాఠానికి నోట్సు రాసి ముందే ఆయన చేత సంతకం పెట్టించుకోవాలి. పెడుతూ ఆయన సలహా కూడా పారేశారు.

"ప్రశ్నలన్నీ ముందు బెంచీ వాళ్లనే అడుగమ్మా. టకటకా చెప్పేస్తారు. గంట కొట్టేసరికి పాఠం అయిపోతుంది. అందరూ చేసేదదే."

ఆ మాటకే దయామణికి ఒళ్లు మండింది. గుడివాడలో చదివిన ఆరేళ్లూ తను కూర్చున్నది చివరి బెంచీలోనే. తననెవరూ ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు.

ఆఖరి పాఠం రోజున ఆరో తరగతికి భిన్నాలు. బోర్డు మీద మూడో వంతు, నాలుగో వంతు రాసి, దయామణి తిన్నగా చివరి బెంచీ దగ్గరికి నడిచింది.

"ఏది పెద్దదో చెప్పు, అంకమ్మా."

తన పేరు వినపడేసరికి అంకమ్మ బిత్తరపోయి లేచింది. "నాలుగో వంతండీ. మూడు కంటే నాలుగు పెద్దది కదండీ?"

ముందు బెంచీలు గొల్లుమన్నాయి.

"నవ్వకండి. మీ వయసులో నేనూ అలాగే అనుకున్నాను," అంది దయామణి.

వెనక మాస్టారు దగ్గారు. పాఠం ముందుకు నడపమని దానర్థం. దయామణి కదల్లేదు. చేతిలో వేరే కాయితం లేదు. సంతకం పెట్టిన నోట్సులోంచే రెండు పేజీలు పర్రున చింపి, ఒకటి మూడు మడతలు, ఇంకోటి నాలుగు మడతలు అంకమ్మ చేతే వేయించింది. మడతలు వంకరపోతే విప్పి మళ్లీ వేయించింది. అంకమ్మ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంది.

"ఎక్కువమందికి పంచితే ముక్క చిన్నదైపోద్దండీ!" అని అరిచింది.

అంతలో గంట కొట్టారు. పాఠం సగం మిగిలిపోయింది.

"పాఠం పూర్తి కాలేదు. నేను సంతకం పెట్టిన కాయితం నా కళ్లముందే చింపావు," అన్నారు మాస్టారు. "గురువారం మళ్లీ చెప్పు. అదీ చెడితే ఈ ఏడు నీకు పాసు లేదు."

బుధవారం దయామణి కొత్త నోట్సు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. మొదటి లైనులోనే రాసి ఉంది: ప్రశ్నలు చివరి బెంచీ నుంచి.

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. "నీకు భయం లేదుటమ్మా?"

"ఉందండీ. చాలా ఉంది. సంతకం పెట్టండి. చింపడానికి ఈసారి వేరే కాయితాలు తెచ్చుకుంటాను."

ఆయన పెన్ను మూత తీశారు.