బొంతగుడ్డ లాగు

నా చేతులతో నా కోసమని నేను కుట్టుకున్న మొదటి బట్ట రవిక కాదు, లాగు. వినేవాళ్ళు నవ్వుతారు. నవ్వండి, నాకేం పోయింది. నవ్వడానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి. ఆ రోజుల్లో నాకు అదీ లేదు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి వేసవి అది. మా అత్తగారి ఊరు సూర్యాపేటకు దగ్గర్లో ఒక పల్లె. నా పుట్టిల్లు కోదాడ. ఇంట్లో మేం ముగ్గురమే: నేను, మా ఆయన, ఆయన తల్లి. పిల్లలు ఇంకా కలగలేదు. బావి కింద రెండు మడుల వరి ఉండేది. ఏడాది పొడుగునా మేం తినాల్సిన గింజలు ఆ రెండు మడుల్లోంచే రావాలి. ఆ గింజలు రావాలంటే మోట ఆడాలి.

ఇప్పటి పిల్లలకు మోట అంటే తెలియదు. బావి ఒడ్డున ఒక గిలక, దాని మీదుగా లావుపాటి మోకు. మోకు ఒక కొసన పెద్ద బొక్కెన, రెండో కొసన కాడి కట్టిన రెండెడ్లు. ఎడ్లు పల్లానికి దిగితే నీళ్ళు పైకి వస్తాయి, వెనక్కి నడుచుకుంటూ ఎక్కితే బొక్కెన మళ్ళీ బావిలోకి పోతుంది. ఎడ్లు దిగేటప్పుడు తోలేవాడు ఎగిరి ఆ మోకు మీద కూర్చోవాలి. వాడి బరువు తోడైతేనే ఎడ్లకు లాగుడు తేలిక. తెల్లవారింది మొదలు ఎండ ముదిరేదాకా, మళ్ళీ పొద్దు వాలినప్పటి నుంచి మసక చీకటి పడేదాకా ఇదే పని. ఎక్కు, దిగు, కూర్చో, లే. చూసేవాళ్ళకు ఉయ్యాల ఊగినట్టే ఉంటుంది. ఆ ఉయ్యాల ఊగినవాళ్ళ తొడలు ఎవరైనా చూశారా?

మా ఆయన తొడలు నేను చూశాను. మొదట ఎర్రగా కమిలాయి. తరువాత పుండు పడింది. పుండు మీదే కూర్చుని తోలుతుంటే గజ్జల్లో సెగగడ్డ లేచింది. జ్వరంతో వణుకుతున్న మనిషిని బండిలో పడుకోబెట్టుకుని సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు గడ్డ కోసి కట్టు కట్టాడు.

"గాయం మానెదాంక మోకు మీద కూసున్నవంటె కాలు పోతది. నీ ఇష్టం ఇగ," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మడిలో నెర్రెలు కనిపిస్తున్నాయి. వరి పొట్ట మీదుంది. ఆ వేళప్పుడు నీళ్ళు తప్పితే గింజ పాలు పోసుకోదు, చేతికొచ్చేదంతా తాలే. జీతగాణ్ని పెట్టుకునే తాహతు లేదు. ఊళ్ళో ఎవరి బావి వాళ్ళది, ఎవరి ఎండ వాళ్ళది. ఆడది మోట తోలగూడదని మాత్రం అందరూ చెప్పారు. ఎందుకు తోలగూడదో ఎవరూ చెప్పలేదు. మగవాడు మంచాన పడితే నీళ్ళు ఎవరు తోడాలో అదీ చెప్పలేదు.

"నేను తోలుతా," అన్నాను.

మా ఆయనకూ వేరే దారి లేదు.

"గాయం మానెదాంకనే," అన్నాడు. "మానినంక మోకు నాది. నిన్ను కోదాడకు తోలుకపోయి మీ అమ్మకాడ ఇడిసొస్త. తింటవో, పంటవో నీ ఇష్టం."

"పడుకుంటా. తిండిదేముంది, ఇక్కడా తింటున్నా," అన్నాను.

ఆ మాటే నాకు ఊతమైంది. మా అమ్మ ఇంటి వసారాలో తడిపిన నేల మీద చాప వేసుకుని, ఎవరూ లేపకుండా పడుకోవాలి. దేవుణ్ణి అడిగినా ఇంకేం అడిగేదాన్ని కాదు.

మొదటి రోజుల్లో కోకనే గోచి పోసి బిగించి కట్టుకుని తోలాను. ఎడ్లకు నా గొంతు కొత్త. అవి ఆగిపోయి నా మొహం చూసేవి. వాటిని బతిమాలీ తిట్టీ దారికి తెచ్చుకున్నాను. నా ఒంటిని మాత్రం దారికి తెచ్చుకోలేకపోయాను. చెమటకు తడిసిన కోక కాళ్ళ మధ్య మెలికపడి అదే ఇంకో తాడు అయ్యేది. కింద మోకు, పైన కోక, నడుమ నా తొడలు. సాయంత్రం ఇంటికి కాళ్ళు ఎడంగా వేసుకుంటూ నడిచి వస్తుంటే మా అత్త ఆముదం గిన్నె నా ముందు పెట్టింది.

"వాని పుండు మానకముందె నీ పుండు మొదలాయె. గిట్లయితె ఇద్దరిని బండిల ఏసుకొని నేను దవాఖానకు తోలాల్నా?" అంది.

ఆ మాటకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటికీ ఓపిక లేక ఆముదం రాసుకుని ఒరిగాను.

లాగు ఆలోచన నాకు మిలిటరీ వాళ్ళను చూసి వచ్చింది. ఆ రోజుల్లో మా వైపు వాళ్ళ రాకపోకలు ఎక్కువ. ఒకరోజు నలుగురైదుగురు బావి దగ్గర ఆగి నీళ్ళు తాగారు. మోకాళ్ళ పైకి వెడల్పాటి ఖాకీ లాగులు. గాలి ఆడుతోంది, ఎక్కడా పట్టెయ్యడం లేదు, వంగితే వంగుతున్నాయి, కూర్చుంటే కూర్చుంటున్నాయి. నేను ఆ లాగులనే చూస్తూ నిలబడ్డాను.

"ఏం సూపులే అవి! సిగ్గులేదా?" అని మా అత్త నా వీపు మీద ఒక్కటి వేసింది.

"మనుషుల్ని చూడటం లేదు అత్తమ్మా, కుట్టు చూస్తున్నా," అన్నాను. ఆమె నమ్మలేదు.

చూడటం తేలిక, కుట్టడానికి బట్ట ఏది? రెండో ప్రపంచ లడాయి నాటి నుంచి బట్ట కంట్రోలే, సులువుగా దొరికేది కాదు. గోనెసంచి గుడ్డ తొడిగితే మోకు కంటే అదే ముందు తోలు ఒలుస్తుంది. మా ఆయన పాత ధోవతి చేత్తో పట్టుకుంటేనే చిరుగుతోంది. ఇల్లంతా వెతికితే మెత్తగా, మందంగా కనిపించింది ఒక్కటే, మేం కప్పుకునే బొంత. ఎన్ని పాత కోకలు కలిపి కుట్టారో, ఉతికి ఉతికి వెన్నలా అయింది. కత్తెర లేదు. కొడవలితో ఒక మూల నుంచి కోశాను.

మా అత్త లబలబలాడింది. "ఓరి దేవుడో! రేపు సలికాలం ఏం గప్పుకుంటవే, లాగా?"

"చలికాలం దాకా ఉంటే కదా," అన్నాను.

మొదటి లాగు నిలువునా కొలుచుకుని కుట్టాను. రెండు కాళ్ళకు రెండు ముక్కలు, నడుమ ఒక కుట్టు. తొడుక్కుని ఇంట్లో అటూ ఇటూ నడిస్తే బ్రహ్మాండంగా ఉంది. మర్నాడు ఎడ్లు దిగుతుంటే ఎగిరి మోకు మీద కూర్చున్నానా, పటేల్‌మని వెనక నుంచి ముందు దాకా విచ్చుకుంది. కోక పైన ఉంది కాబట్టి మానం దక్కింది. ఎడ్లు కూడా ఆగి వెనక్కి చూశాయి. నాకు నవ్వు రాలేదు.

మా వాడలో దూదేకుల ఆమె ఒకామె పైజామాలు కుట్టేది. చినిగిన లాగు కొంగు కింద దాచుకుని ఆమె దగ్గరికి పోయాను. ఆమె దాన్ని తిరగేసి, మరగేసి చూసింది.

"నిలబడే మనిషికి కుట్టినవు గని కూసునే మనిషికి కుట్టలె," అంది. "నడుమల మియాని ఏది?"

మియాని అంటే కాళ్ళ మధ్య వేసే నాలుగు మూలల ముక్క. అది ఉంటే ఎటు కూర్చున్నా గుడ్డ సాగినట్టు వస్తుంది, కుట్టు మీద బరువు పడదు. ఆమె మియాని కోసి ఇచ్చి, ఇంకో మాట చెప్పింది.

"బొంత కుట్లు లోపటికి పెట్టకు. ముళ్ళు ఒరుస్తయ్. మెత్తటి దిక్కు ఒంటికి రావాలె, కుట్లు బయటికి పోవాలె. అందంగ లేకుంటె లేదు, ఎవడు సూస్తడు?"

రెండో లాగు అలా కుట్టాను. కూర్చునే చోటా, తొడల లోపలి వైపూ బొంతగుడ్డ. బరువు పడని ముందు వైపు గాలి ఆడటానికి పాత ధోవతి గుడ్డ. నడుముకు గట్టి నాడా వద్దనుకుని, పాత కోక అంచు చించి వెడల్పాటి పట్టీ వేశాను. దాన్ని తొడుక్కుని, పైన కోక మోకాళ్ళ దాకా ఎగగట్టుకుని మోకు మీద కూర్చున్న ఆ మొదటి పొద్దు నాకు ఇప్పటికీ గుర్తే. చెమటను గుడ్డే తాగేస్తోంది. తాడు ఉందన్న సంగతి తెలుస్తోంది కానీ అది కొరకడం లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయి వచ్చిన ఆ ఇంట్లో నా ఒంటికి మేలు చేసిన వస్తువు అదొక్కటే అనిపించింది.

ఊరు ఊరుకుంటుందా? బావి పక్క బాటన పోయే ఆడవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు. "కోదాడ పిల్ల లాగు తొడిగింది, ఇగ మీసాలు మొలుసుడే తక్కువ," అని ఒకామె గట్టిగానే అంది. నేను ఎడ్లను అదిలించాను. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవడం దేనికి? మా అత్తే గట్టు మీద నుంచి లేచింది.

"ఎద్దు పుండు కాకికి ముద్దట! మీ మొగోళ్ళను పంపుండ్రి, ఒక్క పూట మా మోట తోలుమనుండ్రి. అప్పుడు మీసాల ముచ్చట మాట్లాడుదురు!"

వాళ్ళు సణుక్కుంటూ పోయారు. ఆ రోజు నుంచి మా అత్తే నా లాగు ఉతికి, ఇంటి వెనక ఎవరి కంటా పడకుండా ఆరేసేది. అయినా నాకు బతుకు తేలికైందని చెప్పను. తొడలు నొప్పి పెట్టకపోతే నడుము నొప్పి పెట్టింది, నడుము ఊరుకుంటే భుజాలు. ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండానే కునికేదాన్ని. కళ్ళు మూసుకుంటే ఎడ్లు దిగుతుండేవి. గాయం ఎంత మానిందో రోజూ కట్టు విప్పి చూసేది నేనే. అది ఎండుతుంటే నాకు కోదాడ దగ్గర పడుతున్నట్టు ఉండేది.

వరి దక్కింది. తాలు లేకుండా నిండు గింజ వచ్చింది. మా ఆయన గాయం మాని, మొదట కర్ర పట్టుకుని, తరువాత కర్ర లేకుండా నడిచాడు. వడ్లు ఇంటికి చేరిన వారానికి ఎవరివో బస్తాలు వేసుకుని, వాళ్ళ బండినే వాళ్ళ ఎడ్లతోనే కిరాయికి తోలుకుంటూ మిర్యాలగూడ పోయాడు. బండి మీద మెత్తగా గడ్డి పరుచుకుని కూర్చుంటే కాలికి ఏమీ కాలేదన్నాడు. ఆయన లేని ఆ రెండు మూడు దినాలు నారుమడికి నీళ్ళు నేనే తోలాను. ఇవే ఆఖరివి అనుకుంటూ తోలాను. కోదాడకు కట్టుకుపోవాలని ఉన్న రెండు కోకల్లో మంచిదాన్ని ఉతికి మడతపెట్టుకున్నాను.

తిరిగి వచ్చిన మనిషి చేతిలో బట్ట ఉంది. మందపాటి ఖాకీ గుడ్డ, కొత్తది. కొత్త బట్ట వాసన చూసి ఎన్నాళ్ళయిందో! మంచం మీద పరిచి, "లాగుకు సరిపోతదా సూడు," అన్నాడు.

నా ప్రాణం లేచి వచ్చింది. మోకు పట్టే మనిషి లాగు కావాలనుకోక ఏమనుకుంటాడు! మంచి లాగు కుట్టి ఇచ్చి, ఆయన మళ్ళీ పుండు పడకుండా తోలుకుంటుంటే నేను నిశ్చింతగా పోయి పడుకోవచ్చు. కొలత దారం తెచ్చి నిలబడమన్నాను. ఆయన నడుము చుట్టూ దారం తిప్పి ముడి పట్టుకున్నాను.

"నాకెందుకే?" అన్నాడు ఆయన తెల్లబోయి. "నాకు మిర్యాలగూడ కిరాయిలు కుదిరినయ్, ఇగ బండి మీదనే ఉంట. ఇది నీకే. ఒక్కటే లాగాయె, తడి ఆరకముందె తొడుగుతున్నవ్. మార్సుకోను ఇంకోటి ఉండాలె గద."

వెటకారం కాదు. ప్రేమగానే అన్నాడు. ఇన్ని రోజులూ నా తడిలాగు సంగతి ఆలోచించి, అంత దూరం నుంచి బట్ట మోసుకొచ్చాడు. అందుకే నాకు తిట్టడానికి నోరు రాలేదు.

"మరి కోదాడ?" అన్నాను.

"పోదువు తియ్యి. జర నీళ్ళ పని ఒడవనియ్యి."

బావి కింద బతికేవాళ్ళకు నీళ్ళ పని ఎప్పుడు తీరుతుంది? దారం ఆయన నడుము నుంచి తీసి, నా నడుముకు చుట్టి చూసుకున్నాను.