తిరుపాలమ్మ కత్తిరించిన జుట్టు

రాయచోటి దగ్గరి పల్లె నుంచి కువైట్ వచ్చిన తిరుపాలమ్మకు సబా అల్ సలేంలోని ఆ ఇంట్లో మొదట అప్పగించింది వంటపని. కొన్నాళ్ళకు వంటింట్లోకి ఇంకో మనిషి వచ్చింది, తిరుపాలమ్మ చేతికి దువ్వెన వచ్చింది.

ఇంటి యజమానురాలు బద్రియా ఇంగ్లండులో చదువుకునే రోజుల్లో గినీ పందులు పెంచేవాళ్ళతో స్నేహం చేసింది. తిరిగి వచ్చేటప్పుడు కొరొనెట్ అనే అరుదైన జాతివి ఒక జంటను వెంట తెచ్చుకుంది. వాటి కోసం మేడ మీద ఒక గది, ఆ గదికి ఏసీ, పెరట్లో ఆకుకూరల మడి ఏర్పాటు చేసింది. తిరుపాలమ్మ వచ్చేనాటికి అవి ఐదయ్యాయి.

"ఎలుకా కాదు, కుందేలూ కాదు. ఇదేం జంతువు మామా?" అని తిరుపాలమ్మ వచ్చీరాని అరబ్బీలో అడిగింది. అక్కడ ఇంటి యజమానురాలిని పనివాళ్ళు మామా అనే పిలుస్తారు. బద్రియా నవ్వి, ఒకదాన్ని తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.

ఆ జీవానికి నడినెత్తిన పువ్వు విచ్చినట్టు జుట్టు సుడి తిరిగి ఉండేది. మెడ దగ్గర మొదలైన వెంట్రుకలు పట్టుకుచ్చులా వెనక్కి జారి నేలను తాకేవి. పోటీకి పెట్టాలంటే ఆ జుట్టు తెగకూడదు, చిక్కుపడకూడదు. అందుకని పాయలుగా తీసి, ఒక్కో పాయను కాగితంలో మడిచి, రబ్బరు బ్యాండు వేసి ఉంచాలి. రోజూ విప్పి, దువ్వి, మళ్ళీ చుట్టాలి. దువ్వేటప్పుడు గోనెగుడ్డ పరిచిన చెక్క మీద అది కదలకుండా కూర్చోవడం నేర్చుకోవాలి. ఆ ఓపిక బద్రియాకు లేదు. తిరుపాలమ్మకు ఉంది.

ఇంటి డ్రైవరు జిలానీ బాషాది కడప. వాటి గదిలోకి అడుగుపెట్టేవాడు కాదు.

"దాని పేర్లోనే పంది ఉందంట గదక్కా. నేనైతే ముట్టను."

"పేరు పెట్టినోళ్ళది తప్పు బాషా. ఇది గడ్డి తినే జీవం."

చలి తగ్గే రోజుల్లో ఒక ఇంగ్లీషు బడి హాల్లో పెంపుడు జంతువుల పోటీ జరిగేది. తొంభయ్యో సంవత్సరం పోటీకి లూలూ అనే ఆడదాన్ని తీసుకెళ్ళారు. తిరుపాలమ్మ కాగితాలన్నీ విప్పి, జుట్టును చుట్టూ పరికిణీలా పరిచి, బల్ల వెనక నిలబడింది. ఇంగ్లండు నుంచి వచ్చిన న్యాయనిర్ణేత వంగి సుడిని చూశాడు, వెంట్రుకల చివర్లు చూశాడు. లూలూ రెప్ప కూడా కదపలేదు. మొదటి బహుమతి వచ్చింది. బద్రియా అందరి ముందూ తిరుపాలమ్మను కావలించుకుంది. తన పనికి ఎవరైనా చప్పట్లు కొట్టడం తిరుపాలమ్మ జీవితంలో అదే మొదటిసారి.

ఆ వేసవికి బద్రియా, ఆమె భర్త, పిల్లలు లండన్ వెళ్ళారు. ఇంట్లో తిరుపాలమ్మ, జిలానీ బాషా మిగిలారు. ఆగస్టు మొదట్లో ఒక తెల్లవారుజామున ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చింది. ఫోన్లు పనిచేయడం మానేశాయి. రోడ్ల మీద ట్యాంకులు నిలిచాయి. పక్కింటి కుటుంబం కార్లలో సామాను వేసుకుని సౌదీ వైపు వెళ్ళిపోయింది.

బద్రియా తమ్ముడు నాసర్ మాత్రం ఊరు వదల్లేదు. రెండు మూడు రోజులకోసారి వచ్చి బియ్యం, రొట్టెలు ఇచ్చి వెళ్ళేవాడు. పెరటి మడి ఎండకు మాడిపోయింది. అది చూసి, ఎక్కడ సంపాదించేవాడో గాని, గినీ పందుల కోసం ఆకుకూర కట్టలు కూడా తెచ్చేవాడు. ఒకరోజు ఇనప్పెట్టె తెరిచి ఇద్దరి పాస్‌పోర్టులూ తీసి చేతికిచ్చాడు.

"మీ వాళ్ళను జోర్డాన్ మీదుగా పంపిస్తున్నారట. పోదలచుకుంటే పొండి. ఇంటి గురించి ఆలోచించకండి."

"మరి అవి?" అని తిరుపాలమ్మ మేడ వైపు చూసింది.

నాసర్ తెచ్చిన ఆకుకూర కట్ట ఆమె చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతను రాలేదు. చెక్‌పాయింట్ దగ్గర పట్టుకుపోయారని వీధి చివరి మసీదు దగ్గర జిలానీ విని వచ్చాడు.

ఆకుకూర ఆగిపోయింది. ఉన్న ఎండుగడ్డితో తిరుపాలమ్మ కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. పచ్చిది తినకపోతే వాటి కీళ్ళు బిగుసుకుపోతాయని బద్రియా ఎప్పుడో చెప్పింది. లూలూ కూతురు వెనక కాళ్ళు ఈడుస్తూ నడవడం చూసిన రోజు తిరుపాలమ్మకు అన్నం దిగలేదు.

"అక్కా, మనోళ్ళు బస్సుల్లో పోతాండారు. పిల్లోళ్ళున్న దానివి. వీటికోసం ఈడ చస్తావా?" అన్నాడు జిలానీ.

"గదిలో పెట్టి తలుపేసి పొమ్మంటావా? నోరులేనివి."

జిలానీ మెట్ల మీద కూర్చుని ఆలోచించాడు. దక్షిణాన పొలాలుండే వఫ్రాలో తన దూరపు బంధువు అల్లాబకష్ తోటపని చేస్తున్నాడు. అక్కడ పశువుల మేత ఇంకా పచ్చగానే ఉందని విన్నాడు. చివరికి అన్నాడు: "వఫ్రాకు తోలకపోదాం. ఆడ వదిలిపెట్టి మన దోవ మనం చూసుకుందాం. కానీ ఈ జుట్టుతో పోతే షేకుల సొత్తని లాక్కుంటారు. ఎండకు కారులో ఊపిరాడక చచ్చినా చస్తాయి. ఆలోచించుకో."

తిరుపాలమ్మ కత్తెర తీసుకుంది. గోనెగుడ్డ పరిచిన చెక్కను బల్ల మీద పెట్టి, ఒక్కొక్కదాన్నీ దాని మీద కూర్చోబెట్టింది. పోటీకి తయారు చేస్తోందనుకున్నాయేమో, అవి బుద్ధిగా కూర్చున్నాయి. లూలూ జుట్టు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఎన్నో నెలలు రోజూ దువ్విన జుట్టు అది. కళ్ళు తుడుచుకుని, మొదలంటా కత్తిరించింది.

వఫ్రా దారిలో సైనికులు కారు ఆపారు. వాళ్ళలో ఒక యువకుడు గినీ పందులను ఉంచిన టమాటాల పెట్టె మీది గుడ్డ తొలగించి చూశాడు. అతని యూనిఫాం వదులై వేలాడుతోంది, పెదవులు పగిలి ఉన్నాయి.

"ఏమిటివి?"

"అర్నబ్" అన్నాడు జిలానీ. కుందేళ్ళని చెప్పాడన్న మాట.

"తినడానికేనా?"

జిలానీ తల ఊపాడు. లేదంటే ఇంకా ప్రశ్నలు వస్తాయని భయం. సైనికుడు తుపాకీ భుజాన సర్దుకుని చెయ్యి చాపాడు. "మాకు తిండి సరిగా రావడం లేదు. ఒకటివ్వు."

జిలానీ తిరుపాలమ్మ వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "ఇచ్చెయ్యక్కా. లేకుంటే అన్నీ తీసుకుంటారు. మనల్ని కూడా దింపుతారు."

ఏది ఇవ్వాలో ఎవరూ చెప్పలేదు. లూలూ మీద నుంచి ఆమె చూపు మళ్ళింది. కుంటుతున్న పిల్ల మీద ఒక క్షణం ఆగింది. చివరికి అన్నిటికంటే ముసలిదైన సుల్తాన్‌ను ఎత్తింది. ఇంగ్లండు నుంచి వచ్చిన మొదటి జంటలో అది మగది. దాన్ని ఎత్తగానే నేర్పినట్టే కాళ్ళు దగ్గరికి తీసుకుని ఆమె అరచేతిలో కదలకుండా కూర్చుంది. సైనికుడు మెడ పట్టుకుని తీసుకున్నాడు. అప్పుడు ఈల వేసినట్టు అరిచింది. కారు కదిలిన తర్వాత కూడా తిరుపాలమ్మ ఆ చేతిని చీరకు తుడుచుకోలేదు, అలాగే ఒళ్ళో పెట్టుకుంది.

అల్లాబకష్ మిగిలిన నాలుగింటినీ గొర్రెల కొట్టం పక్క గదిలో ఉంచాడు. పచ్చిమేత ముందు వేయగానే అవి తల ఎత్తకుండా తిన్నాయి. "నువ్వు పోమ్మా, నేను చూసుకుంటా" అన్నాడు. ఆ వారంలోనే తిరుపాలమ్మ, జిలానీ బస్సెక్కారు. బాగ్దాద్ దాటి, జోర్డాన్ సరిహద్దులో గుడారాల్లో పడి ఉండి, విమానంలో బొంబాయి చేరారు.

యుద్ధం ముగిశాక బద్రియా కబురు చేస్తే తిరుపాలమ్మ మళ్ళీ వెళ్ళింది. ఇంట్లో సామాను పోయింది, గోడలకు పొగ పట్టి ఉంది. జిలానీ వెళ్ళలేదు, కడపలోనే ఆటో నడుపుకుంటున్నాడు. అల్లాబకష్ తనంతట తానే వచ్చి కలిశాడు.

"చలికాలం దాకా బాగున్నాయమ్మా. కుంటిది గూడా నడిచింది. నూనె బావులు అంటుకున్నాక పగలే చీకటైపాయ. ఆ పొగకు గొర్రెలే నిలబడల్యా. ఒకదాని ఎనక ఒకటి పాయ. గట్టున పూడ్చినా."

ఆ సాయంత్రం తిరుపాలమ్మ బద్రియాతో అంతా చెప్పింది. జుట్టు కత్తిరించినది, సుల్తాన్‌ను ఎంచి ఇచ్చినది, ఏదీ దాచలేదు. బద్రియా తిట్టలేదు.

"నేనైతే ఏదీ ఇచ్చేదాన్ని కాను" అంది. మళ్ళీ తనే, "అప్పుడు మీరిద్దరూ కూడా మిగిలేవాళ్ళు కాదు" అంది. తర్వాత నాసర్ చివరిసారి వచ్చిన రోజు ఏం వేసుకున్నాడని అడిగింది. బాగా సన్నబడ్డాడా, ఏం మాట్లాడాడని అడిగింది. తిరుపాలమ్మ గుర్తున్నంత వరకు చెప్పింది. బద్రియా అడిగినదే మళ్ళీ అడిగింది. నాసర్ గురించి ఏ కబురూ రాలేదు.

తర్వాత ఇంగ్లండు స్నేహితులు ఇంకో జంటను పంపుతామన్నారు. బద్రియా వద్దంది. మేడ మీది గదిలో పరుపులు పేర్చారు. తిరుపాలమ్మ మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి, కూతుళ్ళ పెళ్ళిళ్ళు అయ్యేదాకా అక్కడే పనిచేసింది.

ఊరికి వచ్చేశాక ఒకసారి కడపలో జిలానీ ఇంటికి వెళ్ళింది. పాత మాటలు వచ్చాయి.

"ఆ పొద్దు నువ్వు ఇయ్యకుంటే మనం ఇట్ల కూచుని మాట్లాడేవాళ్ళమా అక్కా" అన్నాడు జిలానీ.

"తెలుసు బాషా" అంది ఆమె. "అయినా అది నా చెయ్యి నమ్మి కూచునింది."

జిలానీ లేచి చాప పరిచాడు. లోపలున్న భార్యను కేకేసి, అక్కకు అన్నం వడ్డించమన్నాడు.