ఒళ్ళో చోటు

సాయంత్రం అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే బస్సులో నాకు సీటు దొరికిందంటే, పక్కన నిలబడ్డవాళ్ళ సంచులన్నీ నా ఒళ్ళోకే వస్తాయి. ఇవ్వకపోతే నేనే లాక్కుంటాను. ఆ రోజు ఒక కుర్రాడు ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో గుడ్డసంచి గుండెకి హత్తుకుని, మలుపు వచ్చినప్పుడల్లా తూలిపోతున్నాడు.

“ఇలా ఇవ్వు బాబూ, పడిపోతావు.”

“పర్లేదండి, నేను పట్టుకుంటానండి.”

వినకుండా లాక్కున్నాను. లోపల తువ్వాల్లో చుట్టినదేదో చల్లగా తగిలింది.

“చేపలా? నా చీర తడవదు కదా?”

“తడవదండి.”

మామిడికుదురు రాగానే అతను రెండు చేతులూ చాపాడు.

“మా పాపండి. పొద్దున్న ఆసుపత్రిలో పుట్టిందండి, మధ్యాహ్నానికి పోయిందండి. చెబితే బస్సెక్కనివ్వరని చెప్పలేదండి.”

నా చేతులు సంచి మీదే బిగుసుకుపోయాయి. కండక్టరు తొందరపెడుతున్నాడు. అతనే మెల్లగా సంచి తీసుకున్నాడు.

“వాళ్ళమ్మకింకా తెలివి రాలేదండి. పాపని ఒళ్ళో పెట్టుకున్నది మీరొక్కరేనండి,” అని దిగిపోయాడు.

బస్సు కదిలింది. అక్కడే ఎక్కిన ఒకావిడ తన సంచి నాకు అందించబోయింది.

“చోటు లేదండి,” అన్నాను, ఖాళీ ఒడిని రెండు చేతులతో మూసుకుని.