కరుణ పెట్టెకు సోలార్

మా అమ్మాయి కరుణ చనిపోయి రెండేళ్లయింది. డాబా మీద అది బిగించిన వాన, గాలి, తేమ కొలిచే పెట్టెకు అప్పటినుంచీ నెలనెలా నేనే బ్యాటరీలు మారుస్తున్నాను. కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసినవాళ్లు ఇప్పటికీ తేమ ఎంతుందో నన్నే అడిగి కాయల మీద పట్టాలు కప్పుకుంటారు.

మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. అందుకే ఈ రోజు మెకానిక్ మస్తాన్‌ను పిలిచి, బ్యాటరీల బదులు సోలార్ పలక పెట్టించాను.

"ఇంక నువ్వు పైకెక్కే పనే లేదు పిన్నీ. అంతా ఎండే చూసుకుంటది" అన్నాడు.

సంతోషపడాల్సింది పోయి ఏడుపొచ్చింది. కరుణకు అన్నం పెట్టేది లేదు, జడ వేసేది లేదు. మిగిలింది ఆ బ్యాటరీల పని ఒక్కటే.

"ఇంక నేను చేసేది ఏం లేదా మస్తానూ?" అని అడిగాను.

అతను నా తడి కళ్లు చూసి, పలక వైపు చెయ్యి చూపించాడు.

"ఎందుకు లేదు? దుమ్ము పడితే చార్జింగ్ ఎక్కదు. వారానికోసారి తడిగుడ్డతో తుడవాల. బద్ధకిస్తే ఊరుకోను, ఏందనుకున్నావో!"

నెలకోసారి ఎక్కేదాన్ని ఇప్పుడు వారానికోసారి ఎక్కాలి. సోలార్ పెట్టించుకుని పని పెంచుకున్నది నేనొక్కదాన్నేనా, మీలో ఇంకెవరైనా ఉన్నారా? చానా అలసటగా ఉన్నా, సాయంత్రమే ఒకసారి తుడిచి వచ్చాను.