యాదగిరన్న చెవులు

దయ్యాలను నమ్మేవాళ్లను ఆటపట్టించడంలో మా ఆఫీసులో నన్ను మించినవాడు లేడు. ఇప్పటికీ నేను నమ్మను. కానీ విన్నది విన్నాను. అంతకుముందు చేసిన వెధవపని కూడా చెప్పాలి, లేకపోతే ఇది సగం అబద్ధమవుతుంది.

నాచారంలో ఫ్యాక్టరీలకు ఇంటర్‌కామ్ పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. వాటిని నడిపే ప్రోగ్రామ్, అదే డ్రైవర్, రాసేది నేను. ఫోన్‌లో మాట తెగకుండా పోవాలంటే లోపలి గడియారం సెకనుకు వెయ్యిసార్లు కొట్టాలి. పాత ప్రాసెసర్ మీద కెర్నెల్, అంటే పెట్టెలోని మూల సాఫ్ట్‌వేర్, ఆ గడియారాన్ని ఇచ్చేది. వేరే రకం ప్రాసెసర్‌కు మారాక ఇవ్వలేదు. రాసిన ప్రోగ్రామ్‌ను బిల్డ్ చేసి పెట్టెకు సిద్ధం చేయబోతే, సరైన గడియారం లేదంటూ మధ్యలోనే ఆగిపోయేది. కెర్నెల్‌ను సరిచేయాలంటే రెండు వారాల పని. నాకంత ఓపిక లేదు. గడియారం ఉందో లేదో చూసే నాలుగు లైన్లూ తీసేశాను. బిల్డ్ అయిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

పెట్టె బయటికి వెళ్లేముందు యాదగిరన్న పరీక్షించేవాడు. ఇరవై ఏళ్లుగా ఆయన పద్ధతి ఒకటే. పక్కగదిలో ఒకరు ఫోన్ పట్టుకుని ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టాలి, ఈయన కళ్లు మూసుకుని వినాలి. ఒక్క అంకె తెగినా పెట్టె వెనక్కే.

"తమ్మీ, జర సూడు. నడుమ నడుమ మాట తెగుతున్నది" అన్నాడు, మేనేజర్ ముందే.

ఎందుకో నాకు తెలుసు. "పెట్టె బాగానే ఉందన్నా. నువ్వే ఒకసారి చెవులు చూపించుకో" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మేనేజర్ కాసేపు విని, తనకేమీ తేడా తెలియలేదన్నాడు. ఆ నెలాఖరుకు యాదగిరన్నను ఇంటికి పంపేశారు.

మూడు నెలల తర్వాత ఒకరోజు, ఉదయం పదకొండు దాటింది. టెస్టింగ్ గదిలో ఒక్కడినే ఉన్నాను. బల్లమీది ఫోన్ జరపబోతే రిసీవర్‌లోంచి ఏదో గొణుగుడు వినిపించి చెవిదాకా తెచ్చాను.

"ముప్పై ఎనిమిది... ముప్పై తొమ్మిది..."

యాదగిరన్న గొంతు. నిదానంగా, ఎక్కడా తెగకుండా. తీగ వెంట చూశాను. దాని కొస నేలమీద పడి ఉంది, దేనికీ తగిలించి లేదు. అరవై దాకా విని పెట్టేశాను. మళ్లీ ఎత్తితే ఏమీ లేదు.

ఆయనకేమైనా అయిందేమోనని అప్పుడే బండి తీసి ఉప్పల్‌లో వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో ఆయన భార్య బియ్యం చెరుగుతోంది.

"అన్న బాగున్నాడా వదినా?"

"ఏం బాగు? లైను కోసేసిన ఫోను చెవికి వెట్టుకొని లెక్కవెడ్తడు. చెవులు పోయినయని ఫికర్. మనుమరాలు సెల్లుకు ఫోన్ జేసినా మాట్లాడడు."

ఎప్పుడు లెక్కపెడతాడని అడిగాను.

"పదకొండు గొట్టంగనే సురు జేస్తడు. రోజూ గదే పని."

లోపలికెళ్లి యాదగిరన్నకు గడియారం సంగతీ, నేను తీసేసిన లైన్ల సంగతీ అన్నీ చెప్పాను.

"అయితే నాకు మంచిగనే ఇనవడ్తదా తమ్మీ?" అన్నాడు అంతా విని. మళ్లీ అదే అడిగాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు మేనేజర్‌కూ చెప్పాను. మళ్లీ పనిలోకి రమ్మని ఆయన కబురు పంపినా యాదగిరన్న రాలేదు.

ఎక్కడా తగిలించని తీగలో ఆ గొంతు ఎలా వచ్చిందో ఈరోజుకీ నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే. ఆరోజు నన్ను ఉప్పల్ తీసుకెళ్లింది భయం. ఆ మూడు నెలల్లో సిగ్గు ఒక్కరోజు కూడా నన్ను ఆ గడప దాకా నడిపించలేదు.